మాయకూ ఓ లెక్కుంది!

యాప్‌లో బటన్ నొక్కుతారు. దాని మీదున్న మాట పోయి ఇంకో మాట వస్తుంది. ఇందులో ఏముందిలే అనుకుంటాం. కానీ పాత మాట ఎలా పోవాలి? కొత్తది ఎటునుంచి రావాలి? ఆ మార్పుకి ఎంతసేపు పట్టాలి? ఈ మూడు ప్రశ్నల కోసం నేను కోర్సులు వెతికా, వీడియోలు చూశా. నాకు అర్థమయ్యేలా పాఠం చెప్పింది మాత్రం 1972లో కన్నుమూసిన ఒక సినిమా దర్శకుడు. ఆయన కదిరి వెంకటరెడ్డి. మనందరికీ తెలిసిన కె.వి.రెడ్డి. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన మనిషి.

మీరు యాప్‌లు తయారుచేసే దారిలో ఉంటే ఆయన కథ మీకోసమే. ఆ దారిలో లేకపోయినా చదవండి. ఏ పనిలోనైనా లెక్కకున్న విలువ తెలుస్తుంది.

రెండుసార్లు నొక్కిన పెద్దనాయిన

ముందు నా తప్పు చెప్పుకోవాలి. మాది నారాయణఖేడ్ దగ్గర కల్హేర్. ఇంజినీరింగ్ అయ్యాక ఒక చిన్న కంపెనీలో చేరా. డబ్బులు పంపే యాప్‌కి తెరలు రాసే పని. బటన్ మీద మొదట ‘పంపండి’ అని ఉంటుంది. నొక్కగానే ‘పంపుతున్నాం’ అని మారుతుంది. పని పూర్తయితే ‘పంపాం’, కాసేపటికి మళ్లీ ‘పంపండి’. పాత అక్షరాలు తీసేసి కొత్తవి పెట్టడం కోడ్‌లో ఒక్క లైను పని. ఆఫీసులో, మంచి నెట్ మీద, కొత్త ఫోన్‌లో చూసుకున్నా. బాగానే ఉందనిపించింది.

మా పెద్దనాయిన అదే యాప్‌తో విత్తనాల షాపుకి 4 వేలు పంపబోయారు. సిగ్నల్ అంతంత మాత్రం. నొక్కాక కొన్ని సెకన్లు ఏమీ కదల్లేదు. ఆయన తలెత్తి ఎవరితోనో మాట్లాడుతుండగా ‘పంపుతున్నాం’, ‘పంపాం’ రెండూ టకటకా వచ్చి వెళ్లిపోయాయి. మళ్లీ తెర చూసేసరికి మొదటి మాటే ఉంది. పోలేదేమో అనుకుని ఇంకోసారి నొక్కారు. 8 వేలు పోయాయి.

షాపాయన తెలిసినవాడే కాబట్టి మిగతా సొమ్ము తర్వాత లెక్కలో సర్దుకున్నారు. నాకు నొప్పి తగిలింది ఇంకో చోట. పెద్దనాయిన నెలరోజులు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెద్దగా చదువుకోలేదు కదా, తానే ఏదో తప్పు నొక్కానని అనుకున్నారు. మనం రాసిన కోడ్ తప్పయితే వాడినవాళ్లు తమను తామే తిట్టుకుంటారు. ఈ మాట మీరు ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

ఒకటి చెప్పాలి. ఒకే చెల్లింపు రెండుసార్లు జరగకుండా సర్వర్ దగ్గరే కాపలా ఉండాలి. పని నడుస్తున్నంతసేపూ బటన్ నొక్కినా పలక్కూడదు. ఆ రెండూ లేకపోవడం మొదటి లోపం. తెర మీద ఏం జరిగిందో మనిషికి తెలియకపోవడం రెండోది. అది పూర్తిగా నాదే.

ఆ దసరాకి ఇంటికెళ్తే టీవీలో ‘మాయాబజార్’ వస్తోంది. పెద్దనాయిన మంచం మీద కూర్చుని పిల్లలకు కథ చెబుతున్నారు. తెర మీద శశిరేఖ ఒక్కో సీనులో ఒకలా ఉంటుంది. ఒకటి అసలు శశిరేఖ, ఇంకోటి ఆమె రూపంలో ఉన్న ఘటోత్కచుడు. రెండూ సావిత్రే. మొహం అదే, చీర అదే. అయినా ఇది అసలుది, ఇది మాయది అని ఆయన ఒక్కసారి కూడా తడబడకుండా చెబుతున్నారు. నా బటన్ మీద మూడే మూడు మాటల మార్పు పట్టుకోలేకపోయిన కళ్లే అవి. మరి 1957 నాటి సినిమా ఆ కళ్లకు అంత తేలిగ్గా ఎలా అర్థమవుతోంది? ఆ రాత్రి నుంచే కె.వి.రెడ్డి గురించి చదవడం మొదలుపెట్టా.

ఫిజిక్స్ చదివి క్యాషియర్‌గా...

కె.వి.రెడ్డి 1912 జులై 1న అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. తల్లి, మేనమామల దగ్గర పెరిగారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివారు. ఆ రోజుల్లో ఆ కాలేజీలో సైన్సు డిగ్రీ అంటే మాటలు కాదు. అయినా చేతిలో డిగ్రీ ఉంది, ముందు దారి మాత్రం స్పష్టంగా లేదు. ఇది మీలో చాలామందికి తెలిసిన పరిస్థితే కదా!

దారి చూపించింది స్నేహం. తాడిపత్రికే చెందిన మూలా నారాయణస్వామి ఆయన మిత్రుడు. సినిమా నిర్మాణంలో డబ్బు పెడుతున్న మనిషి. ఆ పరిచయంతో కె.వి.రెడ్డి రోహిణి పిక్చర్స్‌లో క్యాషియర్‌గా చేరారు. 1938లో వచ్చిన ‘గృహలక్ష్మి’ ఆ సంస్థ సినిమానే. అలా మన జానపద, పౌరాణిక చిత్రాల మాంత్రికుడు సినిమాల్లోకి వచ్చింది కథ చెప్పడానికి కాదు, ఖర్చు రాయడానికి.

తర్వాత బి.ఎన్.రెడ్డి, మూలా నారాయణస్వామి తదితరులు వాహినీ సంస్థ పెట్టారు. కె.వి.రెడ్డి అందులో ప్రొడక్షన్ వ్యవహారాలు చూశారు. ‘వందేమాతరం’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) ఇలా వరుసగా సినిమాలు. ఎవరికి ఎంత ఇవ్వాలి, సెట్ ఎన్ని రోజులు ఉండాలి, ఫిల్ము ఎంత కాలింది అన్న లెక్కలన్నీ ఆయన చేతిమీదుగా వెళ్లాయి.

మనం అనుకున్న ఉద్యోగం రాలేదని, టెస్టింగ్‌లో వేశారని, సపోర్ట్‌లో వేశారని బాధపడుతుంటాం. ఆయన క్యాషియర్ కుర్చీలోంచే సినిమాని చదివారు. వ్యర్థం ఎక్కడ జరుగుతుందో ముందే చూసిన మనిషి దర్శకుడయ్యాడు. ఆయన తర్వాతి ముప్పై ఏళ్ల పనిలో ఆ కుర్చీ నీడ కనిపిస్తూనే ఉంటుంది.

సెకనుకి అడుగున్నర

ఆ లెక్క ఏమిటో ఒకసారి చూద్దాం. సినిమా తెర మీద సెకనుకి 24 బొమ్మలు. 35 ఎంఎం ఫిల్ములో ఒక్కో అడుగుకి 16 బొమ్మలు పడతాయి. అంటే సెకనుకి అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. ముడి ఫిల్ము అప్పుడు విదేశాల నుంచి రావాల్సిందే. కెమెరా తిరుగుతున్న ప్రతి సెకనూ డబ్బే. ఫిజిక్స్ చదివి, ఖాతాలు రాసిన మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే కె.వి.రెడ్డి పేరు చెబితే పాతతరం సినిమావాళ్లకు ముందు గుర్తొచ్చేది స్టాప్‌వాచ్. స్క్రిప్టు పూర్తిగా తయారయ్యేదాకా షూటింగ్‌కి వెళ్లేవారు కాదు. తయారయ్యాక ప్రతి సీనునీ చదివించి, నటింపజేసి టైం కట్టేవారు. ఈ సీను ఇన్ని నిమిషాలు, ఈ పాట ఇంత, ఈ మాటల మధ్య ఆగేది ఇంత. మొత్తం కూడితే సినిమా నిడివి షూటింగ్‌కి ముందే తేలిపోయేది. సెట్లో ఒక షాటు అనుకున్నదానికంటే ఎక్కువ సాగితే మళ్లీ తీసేవారు. తీసి పారేసే ఫిల్ము అంటూ పెద్దగా మిగిలేది కాదు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసి, తర్వాత ‘పుష్పకవిమానం’, ‘ఆదిత్య 369’ తీసిన సింగీతం శ్రీనివాసరావు ఈ క్రమశిక్షణ గురించి చాలాసార్లు చెప్పారు.

ఇప్పుడు మీ చేతిలోని ఫోన్‌కి రండి. మామూలు ఫోన్ తెర సెకనుకి 60 సార్లు కొత్త బొమ్మ గీస్తుంది. అంటే ఒక్కో బొమ్మకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 120 హెర్ట్జ్ ఫోన్ అయితే 8.3 మిల్లీసెకన్లు. బటన్ మీద మాట మారడానికి 200 మిల్లీసెకన్లు ఇచ్చారనుకోండి. మామూలు ఫోన్‌లో 12 బొమ్మలు, 120 హెర్ట్జ్ ఫోన్‌లో 24 బొమ్మలు. కె.వి.రెడ్డికి ఒక పూర్తి సెకనులో దొరికే బొమ్మలు మనకు సెకనులో ఐదో వంతులోనే దొరుకుతున్నాయి.

నా కోడ్‌లో ఆ మార్పుకి నేనిచ్చింది ఒకే ఒక బొమ్మ. పాత మాట ఉన్న బొమ్మ పక్కనే కొత్త మాట ఉన్న బొమ్మ. మధ్యలో ఏమీ లేదు. చూసే మనిషి ఆ క్షణంలో రెప్ప వేసినా, తలతిప్పినా మార్పు జరిగినట్టే తెలియదు.

దర్శకుడయ్యాక

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కె.వి.రెడ్డి తొలిసారి మెగాఫోన్ పట్టారు. సినిమా ‘భక్త పోతన’. పోతనగా చిత్తూరు నాగయ్య. సినిమా బాగా ఆడింది. తర్వాత అదే నాగయ్యతో ‘యోగి వేమన’ (1947), ఆపై ‘గుణసుందరి కథ’ (1949). షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ కథని మన జానపదంలోకి దించిన సినిమా ఇది.

తర్వాత నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ కోసం ‘పాతాళభైరవి’ తీశారు. 1951 మార్చి 15న విడుదల. ఎన్టీఆర్ తోటరాముడు, ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు. రచన పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లీ. 1952 జనవరిలో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ సినిమాను ప్రదర్శించారు.

కంప్యూటర్ లేని కాలంలో ఆ మాయలు ఎలా చేసేవారు? సూత్రాలు చాలా సింపుల్. కెమెరాని కదలకుండా బిగిస్తారు. నటుడు ఉన్నచోటే బిగుసుకుపోతాడు. కెమెరా ఆపి మనిషిని మారుస్తారు లేదా వస్తువుని తీసేస్తారు. మళ్లీ తిప్పుతారు. తెరమీద మనిషి మాయమవుతాడు. ఇంకో పద్ధతిలో ఒక దృశ్యం నెమ్మదిగా చీకటవుతుంటే దాని మీదే రెండోది నెమ్మదిగా వెలుగుతుంది. దీన్ని డిజాల్వ్ అంటారు. ఇంకోటి మాస్క్. ఫిల్ములో సగం మూసి ఒకసారి, మిగతా సగం మూసి ఇంకోసారి తీస్తారు. అప్పుడు ఒకే నటుడు రెండు చోట్ల కనిపిస్తాడు. 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లో ఒకే పాటలో ఐదుగురు ఎన్టీఆర్‌లు కనిపిస్తారు. పాడేదీ ఆయనే, వాద్యాలు వాయించేదీ ఆయనే.

ఇప్పుడు యాప్‌లలో మాటలు మార్చే పద్ధతులు చూడండి. పాతది మసకబారుతుంటే కొత్తది తేలడం డిజాల్వే. దాన్నే మనం క్రాస్‌ఫేడ్ అంటున్నాం. బటన్ అంచుల లోపలే మాట పైకి జరిగి, కింది నుంచి కొత్తది రావడం మాస్క్. పేరు మారింది, పని మారలేదు.

ఇద్దరు శశిరేఖల రహస్యం

‘మాయాబజార్’ 1957 మార్చి 27న వచ్చింది. ఎన్టీఆర్ కృష్ణుడు, ఏఎన్నార్ అభిమన్యుడు, ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు, సావిత్రి శశిరేఖ. కెమెరా మళ్లీ బార్ట్‌లీదే. సెట్లు గోఖలే, కళాధర్‌ల చేతిమీదుగా లేచాయి. మాటలు, పాటలు పింగళివి. అసమదీయులు, తసమదీయులు లాంటి పదాలు తెలుగువాళ్ల నోట ఈ సినిమాతోనే పడ్డాయి. మూత తీస్తే మనసుకు ఇష్టమైనవాళ్లు కనిపించే ప్రియదర్శిని పెట్టెను చూసి ఇప్పటి పిల్లలు ల్యాప్‌టాప్ అంటుంటారు. లాప్‌టాప్ సంగతేమో గానీ, తెర మీదున్నది మారిందని చూసేవాళ్లకు చెప్పడంలో మాత్రం ఆ సినిమా నిజంగానే పాఠ్యపుస్తకం.

ఘటోత్కచుడు శశిరేఖగా మారే చోటు ఈసారి జాగ్రత్తగా చూడండి. మార్పు మన కళ్లముందే జరుగుతుంది. ఎక్కడో తెర వెనక మారి వచ్చేయదు. ఎవరు మారారో, ఎవరుగా మారారో మనకు అనుమానం ఉండదు. ఇది మొదటి సంగతి.

రెండోది, మారిన తర్వాత కూడా ఒక గుర్తు మిగిలే ఉంటుంది. మాయా శశిరేఖ నడకలో, చూపులో, మీసం దువ్వుకునేలా చెయ్యి లేచే తీరులో ఘటోత్కచుడు తొంగిచూస్తుంటాడు. సావిత్రి నటనలోని గొప్పతనం అదే. పెళ్లి సంబరంలో పాడుకునే పాట చివర్లో కాసేపు అసలు రూపమే బయటపడుతుంది. చూసేవాళ్లు నవ్వుతారు. నవ్వుతూనే ఈమె ఎవరో ఇంకోసారి గుర్తు చేసుకుంటారు. మా పెద్దనాయిన తడబడకపోవడానికి కారణం అదే. దర్శకుడు ఆయన్ని ఎక్కడా వదిలేయలేదు.

మూడోది టైం. ఆ మార్పు కథని ఆపదు. చూడ్డానికి సరిపోయేంత ఉంటుంది, ఆ వెంటనే కథ ముందుకెళ్తుంది. మాయ బాగా కుదిరింది కదా అని దాన్ని సాగదీయడం ఉండదు. స్టాప్‌వాచ్ ఒప్పుకోదు మరి!

మార్పు కళ్లముందు జరగాలి. పాతదానికీ కొత్తదానికీ మధ్య ఒక తీగ మిగలాలి. చూడ్డానికి చాలినంత సమయమే పట్టాలి. ఫోన్ బటన్‌కి కావాల్సిందీ ఈ మూడే.

మాయ లేని సినిమాలు

కె.వి.రెడ్డి అంటే మాయలే అనుకుంటే పొరపాటు. 1954లో ఆయన తీసిన ‘పెద్దమనుషులు’లో ఒక్క మాయా లేదు. ఊళ్లో మర్యాదస్తుల ముసుగులో జరిగే మోసాల కథ అది. రచయితగా డి.వి.నరసరాజుకి అదే తొలి సినిమా. తెలుగులో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం అందుకుంది. 1955లో ‘దొంగరాముడు’ తీశారు. అన్నపూర్ణ పిక్చర్స్‌కి అది తొలి చిత్రం. సంస్థ పెట్టాక తొలి సినిమా కె.వి.రెడ్డే తీయాలని, ఆయనకు వీలయ్యేదాకా వాళ్లు ఏళ్ల తరబడి ఆగారు.

ఇందులో మనకో హెచ్చరిక ఉంది. మాయ చేయడం చేతనైనంత మాత్రాన ప్రతిచోటా చేయక్కర్లేదు. యానిమేషన్ నేర్చుకున్న కొత్తలో మనం తెరమీదున్న ప్రతిదాన్నీ ఎగిరిస్తాం, తిప్పుతాం, వణికిస్తాం. పెద్దనాయిన లాంటివాళ్లకు అది ఇంకా గందరగోళం. పద్దు చూసే తెరలో అంకెలు గంతులేస్తే నమ్మకం పోతుంది. కథకి మాయ కావాలా వద్దా అన్నది ముందు తేల్చుకోవాలి.

నా కోడ్‌లో ఏం మార్చానంటే...

అప్పుడు నేను వాడింది ఫ్లట్టర్. అందులో మాట మార్పుకి యానిమేటెడ్‌స్విచర్ అనే విడ్జెట్ ఉంది. దాంట్లో మాట పెట్టి 200 మిల్లీసెకన్లు ఇచ్చా. ఏమీ జరగలేదు. మాట ఎప్పట్లాగే టక్కున మారింది. సగం రోజు పోయాక కారణం దొరికింది. పాతదీ కొత్తదీ రెండూ ఒకే రకం టెక్స్ట్ విడ్జెట్లు. లోపలి అక్షరాలు మారినా ఫ్లట్టర్ దృష్టిలో ‘మనిషి’ మారలేదు. రెండింటికీ వేర్వేరు కీ ఇస్తేనే ఒకరు వెళ్లారు, ఇంకొకరు వచ్చారు అని దానికి తెలుస్తుంది. మీరు మొదటిసారి చేసినప్పుడు దాదాపుగా ఇక్కడే ఆగిపోతారు. ఆగిపోతే ఇద్దరు శశిరేఖలను గుర్తుచేసుకోండి. ఎవరు ఎవరో మనం చెప్పాలి.

ఆండ్రాయిడ్‌లో నేరుగా రాసేవాళ్లకు జెట్‌ప్యాక్ కంపోజ్‌లో యానిమేటెడ్‌కంటెంట్ ఉంది. పాత పద్ధతిలో రాస్తే టెక్స్ట్‌స్విచర్. ఐఫోన్‌కి స్విఫ్ట్‌యూఐలో కంటెంట్‌ట్రాన్సిషన్. ఎంతసేపు అన్నదానికి ఒక కొలత కావాలంటే, ఆండ్రాయిడ్ సిస్టమ్‌లో చిన్న యానిమేషన్‌కి పెట్టిన సమయం 200 మిల్లీసెకన్లు. బటన్ మాటకి అక్కడి నుంచి మొదలుపెట్టండి. అర సెకను దాటితే తొందరలో ఉన్నవాళ్లకు విసుగు పుడుతుంది.

తర్వాతి చిక్కు వెడల్పు. ‘పంపండి’ చిన్న మాట, ‘పంపుతున్నాం’ పెద్దది. మాటతోపాటు బటన్ కూడా సాగి ముడుచుకుంటే పక్కనున్నవన్నీ కదులుతాయి. అన్నిటికంటే పొడవైన మాటకి సరిపడా చోటు ముందే ఉంచాలి. కె.వి.రెడ్డి ‘మాయాబజార్’ని తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. తమిళంలో అభిమన్యుడు జెమినీ గణేశన్. కథ ఒకటే అయినా భాష మారితే మాట నిడివి మారుతుంది. దాన్ని ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఇంగ్లిష్‌లో మూడక్షరాల ‘పే’ తెలుగులో ‘చెల్లించండి’ అవుతుంది. ఇంగ్లిష్ మాటకి కొలిచి కుట్టిన బటన్‌లో తెలుగు మాట ఇమడదు.

మన భాషకే ఉన్న ఇంకో చిక్కు ఉంది. మాటని ఒక్కో అక్షరంగా తెరమీదకు రప్పించే యానిమేషన్లు ఇంగ్లిష్‌లో బాగుంటాయి. తెలుగులో అదే కోడ్ వాడితే ‘లక్ష్మి’ ముక్కలైపోతుంది. మనం ఒక్క అక్షరం అనుకునే ‘క్ష్మి’ కంప్యూటర్ లోపల హల్లులు, పొల్లులు, గుడింతం కలిసిన ఆరు సంకేతాలు. ఒక్కొక్కటే వస్తుంటే మధ్యలో వింత ఆకారాలు కనిపిస్తాయి. ఇలాంటి సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్‌లో 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌తో చేరింది. పాత ఫోన్లు, పాత లైబ్రరీలకు అది తెలియదు. అందుకే తెలుగులో మాటని మాటగానే కదిలించండి. అక్షరాలుగా కోయొద్దు.

చివరిగా, కళ్లు కనిపించనివాళ్ల సంగతి. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి మన క్రాస్‌ఫేడ్ కనిపించదు. మాట మారిందని దానికి విడిగా చెప్పాలి. ఆండ్రాయిడ్‌లో దీనికి లైవ్ రీజియన్ ఉంది. కదలికలు చూస్తే కొందరికి తల తిరుగుతుంది. అలాంటివాళ్లు ఫోన్ సెట్టింగ్స్‌లో యానిమేషన్లు ఆపేసుకుంటారు. మీ యాప్ ఆ మాట వినాలి. అప్పుడు కదలిక లేకుండానే మార్పు తెలిసేలా ‘పంపాం’ అన్న మాట ఇంకొంచెం ఎక్కువసేపు నిలవాలి.

నా అసలు తప్పు కూడా అక్కడే దొరికింది. ఎంత బాగా కదిలించినా ‘పంపాం’ అరక్షణంలో మాయమైతే లాభం లేదు. ఇప్పుడది మనిషి చూసి, తెరని తాకేదాకా అలాగే ఉంటుంది. తాకితేనే మళ్లీ ‘పంపండి’.

లెక్క కుదరని రోజులు

జీవితం మాత్రం స్టాప్‌వాచ్ మాట వినదు. ‘జగదేకవీరుని కథ’, ఆ తర్వాత ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ (1963) దాకా కె.వి.రెడ్డి పేరుకి తిరుగులేదు. 1965లో తీసిన ‘సత్య హరిశ్చంద్ర’ ఆశించినట్టు ఆడలేదు. 1968లో ‘భాగ్యచక్రము’, ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ వచ్చాయి. వాటినీ జనం ఆదరించలేదు. అదే దర్శకుడు, అదే క్రమశిక్షణ, అదే లెక్క. కానీ కాలం మారింది, చూసేవాళ్లు మారారు. పరిశ్రమ ఎంత త్వరగా నెత్తిన పెట్టుకుంటుందో అంత త్వరగానూ దించేస్తుంది. ఒకప్పుడు నిర్మాతలు ఏళ్ల తరబడి ఆగిన మనిషికి చేతిలో సినిమాలు తగ్గిపోయాయి.

ఇక్కడ మనం నిజాయతీగా ఒక మాట ఒప్పుకోవాలి. లెక్క ఉంటే విజయం ఖాయం అని ఈ కథ చెప్పదు. లెక్క పనిని శుభ్రంగా ఉంచుతుంది. ఎదుటివాళ్లు మారుతున్నారా లేదా అన్నది మళ్లీ మళ్లీ వెళ్లి చూసుకోవాల్సిందే. నిన్న పనిచేసిన 200 మిల్లీసెకన్లు రేపటి తెరకు సరిపోకపోవచ్చు. టెక్నాలజీలో ఉన్న మనకు ఈ సంగతి ఇంకా దగ్గరగా తగులుతుంది. ఐదేళ్ల కిందట నేర్చుకున్న టూల్ ఇప్పుడు ఎవరూ అడగడం లేదు కదా!

ఆయన చివరి సినిమా 1971లో వచ్చిన ‘శ్రీకృష్ణసత్య’. కృష్ణుడు మళ్లీ ఎన్టీఆరే. ‘పాతాళభైరవి’తో మొదలైన ఆ ఇద్దరి ప్రయాణం అక్కడ ముగిసింది. మరుసటి ఏడాది, 1972 సెప్టెంబర్ 15న కె.వి.రెడ్డి కన్నుమూశారు. వయసు 60 ఏళ్లు.

తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు. 2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగుల్లో మళ్లీ థియేటర్లకు వచ్చింది. 2013లో ఒక జాతీయ వార్తాచానల్ జరిపిన ఓటింగ్‌లో అత్యుత్తమ భారతీయ చిత్రంగా నిలిచింది. పండగ వస్తే ఇప్పటికీ ఏదో ఒక చానల్లో వస్తూనే ఉంటుంది. కల్హేర్‌లో ఒక మంచం మీద కూర్చున్న పెద్దాయన పిల్లలకు అది అసలు శశిరేఖ కాదర్రా అని చెబుతూనే ఉంటాడు.

మీరు చేయాల్సింది

ఇంటర్వ్యూకి తీసుకెళ్లడానికి చిన్న ప్రాజెక్టు వెతుకుతున్నారా? ఒకే ఒక బటన్ చేయండి. దానిమీద నాలుగు తెలుగు మాటలు మారాలి. మోషన్ డిజైన్ వైపు వెళ్లాలన్నా, యాప్ డెవలపర్ కావాలన్నా వంద తెరల నకలు యాప్ కంటే ఈ ఒక్క బటన్ మీ గురించి ఎక్కువ చెబుతుంది. ఈ కింది వాటికి మీ దగ్గర జవాబు ఉందో లేదో చూసుకోండి.

* ఈ మార్పు చూపించడం అవసరమా? అవసరం లేకపోతే వదిలేయండి.
* పాత మాట ఎటు వెళ్లింది, కొత్తది ఎటునుంచి వచ్చిందో చూస్తే తెలుస్తోందా?
* ఎన్ని మిల్లీసెకన్లు? అంత సమయమే ఎందుకు? అందాజాగా పెట్టానని చెప్పొద్దు, కొలిచి చెప్పండి.
* తెలుగు మాట పొడవుకి చోటు ఉందా? అక్షరాలు విరగడం లేదు కదా?
* నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు, యానిమేషన్లు ఆపేసినప్పుడు, తెరను విని వాడేటప్పుడు పరీక్షించారా?
* ఆఖరి మాట చదవడానికి పెద్దవాళ్లకు చాలినంత సేపు ఉంటోందా?

చివరి పరీక్ష ల్యాబ్‌లో జరగదు. ఫోన్ తీసుకుని మీ ఊరికి వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో పెట్టి పక్కన కూర్చోండి. ఏమీ చెప్పొద్దు. వాళ్ల వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి, ఫోన్‌లోని స్టాప్‌వాచ్ నొక్కి ఎంతసేపు ఆగిందో రాసుకోండి.

కొత్త బటన్ పెట్టాక నేనూ అదే చేశా. ఈసారి పెద్దనాయిన నొక్కి, తెర వైపే చూస్తూ కూర్చున్నారు. మాట పైకి జరిగి ఇంకోటి వచ్చింది. కాసేపాగి మూడోది వచ్చి నిలబడింది. ఆయన ఫోన్ నా చేతికి ఇచ్చేసి, పోయింది పైసలు అని చెప్పి చాయ్ తాగడానికి లేచారు. నన్ను ఏమీ అడగలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు దొరికిన మంచి రివ్యూ అదే.